ఫారంలో లేని గడి

మా భాషలో ఆ జబ్బుకు పేరేమిటంటే
మా అమ్మమ్మ ఈడువాళ్లు ఒకటే చెప్పేవారు:
మానని పుండు.

నేను దుబాసీని. లుకాచుకాయ్ క్లినిక్‌లో
పదకొండేళ్లుగా నా పని
డాక్టరు నోట్లోని మాటను
ఎదుటి కుర్చీలోకి దించడం.

ఆ రోజు కుర్చీలో గ్లెనాబా ఎట్సిటీ.
బూట్లకు ఎర్రమట్టి, ఒళ్లో గుడ్డసంచి.
"పేగు చివర. తొలిదశే. నయమవుతుంది" అన్నాడాయన.
నేను అనాల్సింది:
మానని పుండు మానుతుంది.
గొంతులో వెలక్కాయ పడింది.
ఇదే వ్యాకరణం?

ఎలాగో చెప్పాను. ఆమె ఎలాగో విన్నది.
ఆరు వారాలు ఫీనిక్స్‌లో ఉండాలి,
రోజూ కరెంటు పెట్టాలి.
ఆమె కిటికీలోంచి తన ట్రక్కు వైపు చూసి
"నలభై ఒక్క గొర్రెలు" అంది.
డాక్టరు నా వైపు చూశాడు.
నలభై ఒక్క గొర్రెలు, అన్నాను.
ఆయన వేళ్లు టకటకలాడాయి:
రోగి చికిత్సకు నిరాకరించింది.

ఆ ఒక్క వాక్యాన్నీ
ఆమెకు చెప్పమని ఎవరూ నన్నడగలేదు.

మంచు పడే నెలలో సముద్రాలు దాటి కొందరొచ్చారు.
కాలేజీ హాల్లో తెర మీద గ్రాఫులు:
మా జాతులన్నీ పక్కపక్కన నిలబడ్డాయి
పెళ్లి ఫొటోలోలాగా,
ఒక్కరూ నవ్వకుండా.
మధ్యాహ్నానికి నాకు నిద్రొచ్చింది. అబద్ధమెందుకు.

మాంసం పులుసు దగ్గర నోరు జారి
గొర్రెల సంగతి చెప్పేశాను.
నార్వే ఉత్తరపు కొసనుంచి వచ్చిన సామీ నర్సు రిస్టిన్
పకపకా నవ్వింది:
"మా మామా అంతే! రెయిన్‌డీర్లు ఈనే మే నెలని
ఆపరేషన్ మానుకున్నాడు."
చెంచా కింద పెట్టింది.
"మళ్లీ మే నెల రాలేదు ఆయనకు."

గడ్డం మీద పచ్చబొట్టున్న మావోరీ పెద్దావిడ మెరియానా
ఏమీ అనలేదు. మీ ఫారం ఏదీ, అంది.
తిరగేసి, పులుసు మరక పక్కన
పెన్నుతో ఒక గడి గీసింది.
మీరు లేనన్నాళ్లూ
ఎవర్ని ఎవరు చూసుకోవాలి?
"ఈ ఒక్క గీత కోసం మా ఊళ్లో
నాలుగేళ్లు కొట్లాడాం. నువ్వు ఊరికే తీసుకో."

బురద ఎండాక వెళ్లాను గ్లెనాబా ఇంటికి.
అప్పటికి మూడు నెలలు గడిచాయి.
అది తొలిదశ కాదిప్పుడు.
ఆ మాట ఎవరి గడిలో రాయాలో తెలియదు నాకు.

కాగితం తీసి అడిగాను.
ఆమె చాలాసేపు పొయ్యిలో కట్టెలు సర్దింది.
మేనల్లుడు మూడు వారాలు, అంది.
చర్చి పక్కింటి పిల్ల రెండు.
ఇంకోటి మిగిలింది.
ఇద్దరం ఆ మిగిలినదాని వైపు చూశాం.
నేనొస్తాను, అన్నాను,
గొర్రె ముఖం ఎరగనిదాన్ని.

గుమ్మం దాకా వచ్చి అంది:
"ఆ రోజు నువ్వు నసిగావు.
మానని పుండు అనకు. మొండి పుండు అను.
నా పొట్టేలు కూడా మొండిదే,
దాన్ని దొడ్లోకి తోలలేదా?"

ఇప్పుడు నా వారం.
తెల్లారకముందే లేచి లెక్కపెడితే
నలభైయే వచ్చాయి.
సిగ్నల్ కోసం గుట్టెక్కి
ఇద్దరికీ పంపాను: ఒకటి తగ్గింది.
మెరియానా వెంటనే: మళ్లీ లెక్కపెట్టు.
కాసేపటికి, ఏ మంచులోంచో, రిస్టిన్:
చూలుతో ఉన్నదైతే
గాలి తగలని రాళ్ల చాటున వెతుకు.
నడుస్తున్నాను.